రెండో ముక్కు

కుళ్లుకోవడం తప్పని చెప్పేవాళ్లకేం, ఎన్నయినా చెబుతారు. వాళ్లు పడ్డ కష్టం ఇంకొకరి మెడలో దండై వేలాడి ఉండదు, అందుకే చెబుతారు.

ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పై అంతస్తులో ఎయిర్‌హోస్టెస్ శిక్షణ క్లాసులున్నాయి. అక్కడ పాఠం చెప్పేది నర్మద. ఆ మధ్యాహ్నం పిల్లలు రాసుకుంటుంటే ఫోన్ తెరిచింది. అందులో భవ్యశ్రీ. శాలువా కప్పించుకుని, పూలగుత్తి పట్టుకుని, చక్కగా పక్కకు తిరిగి నవ్వుతోంది. కింద 'విమానంలో విషపు గాలిపై ఒంటరి పోరాటం' అని రాశారు.

ఒంటరి అట. నర్మద ఆ మాట దగ్గరే ఆగిపోయింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటే విన్నాం, ఇక్కడ అత్త బతికుండగానే, ఎదురుగా కూర్చుని చూస్తుండగానే చేసేశారు. నీళ్ల గ్లాసు అందుకోబోయింది. కుడిచెయ్యి ఎప్పటిలాగే వణికింది, సగం నీళ్లు బల్లమీద పోయాయి. ముందు వరసలో కూర్చునే అక్షిత లేచి తన చున్నీతోనే తుడిచేసింది. ఆ పిల్లకు మేడం అంటే ప్రాణం.

ఆ వణుకు ఎక్కడి నుంచి వచ్చిందో శాలువా కప్పినవాళ్లకు తెలియదు. భవ్యశ్రీకి తెలుసు. నర్మద కడుపుమంటంతా అక్కడే.

నిజం చెప్పాలంటే నర్మదకు కుళ్లు కొత్త కాదు. తండ్రి మల్లయ్య పాలమూరు పక్క పల్లెలో వానల్లేక, పెళ్లాన్నీ పిల్లనూ వెంటబెట్టుకుని వచ్చి నాంపల్లి స్టేషన్‌లో కూలీ అయ్యాడు. ఎర్రచొక్కా, తలమీద గుడ్డచుట్ట, దానిమీద రెండు పెట్టెలు. తల్లి పూలమ్మ స్టేషన్ బయట గంపలో జామపండ్లు పెట్టుకుని అమ్మేది. బడి లేని రోజు నర్మద ప్లాట్‌ఫాం మీదే ఆడుకునేది. తండ్రి పెట్టెలు మోస్తే వాటి వెనక నర్మద ఈడు పిల్లలు వచ్చేవాళ్లు. రైలెక్కేవాళ్లు, కిటికీలో కూర్చునేవాళ్లు, వెళ్లిపోయేవాళ్లు. ఆమె అక్కడే నిలబడిపోయేది. ఆ పిల్లల బట్టలు చూసి ఎప్పుడూ ఏడవలేదు గానీ, వాళ్లు వెళ్లిపోవడం చూస్తే మాత్రం ఏడుపొచ్చేది. ఆ కుళ్లే ఆమెను చదివించింది, ఇంగ్లీషు నేర్పించింది, చివరికి రైలు కాదు, ఏకంగా విమానమే ఎక్కించింది. మల్లయ్య ఆ రోజు స్టేషన్‌లో తోటి కూలీలందరికీ చాయ్ తాగించాడు.

విమానాల కంపెనీ శిక్షణలో పక్క మంచం భవ్యశ్రీది. వాళ్లది కృష్ణా జిల్లా నుంచి తాతల నాడే వచ్చి బషీర్‌బాగ్‌లో స్థిరపడ్డ కుటుంబం. మనిషి పొడుగు, పలుకు వెన్నపూస. ఏ పాఠమైనా 'భవ్యా, నువ్వు చేసి చూపించు' అనేవాళ్లు. నర్మద దగ్గరికి వచ్చేసరికి 'నువ్వు కూడా' అనేవాళ్లు. ఆ 'కూడా' ఆమెకు రాయిలా తగిలేది. అయినా ఇద్దరికీ స్నేహం కుదిరింది. భవ్యశ్రీ ఈమె ఇంగ్లీషు దిద్దేది. ఈమె భవ్యశ్రీకి తిక్క ప్రయాణికుణ్ణి చిరునవ్వు చెదరకుండా ఎట్లా కూర్చోబెట్టాలో నేర్పేది. సెలవు దొరికితే ఇద్దరూ ఆబిడ్స్ వచ్చి మిర్చీలు తిని, ఒకే కొలత చెప్పులు కాబట్టి ఒకరివి ఒకరు వేసుకుని పోయేవాళ్లు. కుళ్లూ ప్రేమా ఒకే కంచంలో తినడం అంటే అదే.

ఇక ఆ వాసన సంగతి. విమానంలో మనం పీల్చే గాలి చాలావరకు ఇంజిన్ దగ్గర నుంచే లోపలికి మళ్లి వస్తుంది. అక్కడ నూనెను ఆపే సీలు ఏదైనా అరిగి నూనె కారిందంటే, అది కాగి, ఆ పొగ గాలితోపాటు లోపలికొస్తుంది. కంటికి కనపడదు. తడిసి మూలన పడేసిన సాక్సుల వాసన వేస్తుంది. తల దిమ్మెక్కుతుంది, కొందరికి చేతులు వణుకుతాయి. ఇదేమీ రహస్యం కాదు, లోకమంతటా విమానాల్లో పనిచేసేవాళ్లు ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటున్నదే. గాలిలో విషాన్ని పసిగట్టే యంత్రం ఒకటి పెట్టించండి అంటే, పెట్టించాల్సిన పెద్దలు 'పరిశీలనలో ఉంది' అంటారు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్లే నయం. వీళ్లు చేతులు కాలాక ఏ ఆకు మంచిదో పరిశీలించేవాళ్లు.

యంత్రం లేదు కాబట్టి ముక్కే దిక్కు. ముక్కుకూ ఆ కంపెనీలో ఒక పద్ధతి పెట్టారు. ఒక్కరికే వాసన వచ్చిందంటే అది లెక్కలోకి రాదు. వేరే చోట నిలబడ్డ ఇంకొకరు కూడా అదే వాసన అని చెప్పాలి. అప్పుడే ఇంజనీర్లు విమానం విప్పి చూస్తారు. లేకపోతే 'వాసన నిర్ధారణ కాలేదు' అని రాసి మళ్లీ ఎగరేస్తారు. పనిచేసే ఆడపిల్లలకు ఇంకొక అలవాటు ఉంది, దాన్ని ఎవరూ నేర్పరు, ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటారు. ఏదైనా పాడు వాసన వచ్చిందంటే గబగబా కాఫీ పొట్లాలు చించి వేడినీళ్లు పోస్తారు. ప్రయాణికులు ముక్కు మూసుకోకముందే విమానమంతా కమ్మగా కాఫీ అయిపోతుంది.

ఆ రోజు నర్మద ముందువైపు ఉంది, భవ్యశ్రీ వెనకవైపు. విమానం దిగడానికి ఇంకా చాలా టైముంది. వాసన గుప్పుమంది. నర్మద కెప్టెన్‌కు చెప్పింది. ఆయన 'రెండో మనిషికీ వచ్చిందా, కనుక్కో' అన్నాడు. లోపలి ఫోన్ తీసి వెనక్కు మాట్లాడింది.

"భవ్యా, నీకేమన్న వాసన వస్తున్నదా? సాక్సుల వాసన."

కాస్త ఆగి జవాబొచ్చింది. "కాఫీ వాసన తప్ప ఏం రావట్లేదే."

అంతే. దగ్గర్లోని ఊళ్లో దించాల్సిన విమానం చేరాల్సిన ఊరిదాకా వచ్చింది. అందరూ దిగిపోయాక నర్మద మెట్ల దగ్గర పడిపోయింది. లేచింది, కానీ ఆ చెయ్యి మళ్లీ మునుపటి చెయ్యి కాలేదు. వేడి చాయ్ పొయ్యలేని మనిషి విమానంలో ఏం చేస్తుంది? ఉద్యోగం పోయింది. కంపెనీ 'నిర్ధారణ కాలేదు' అంది. ఢిల్లీ పెద్దలు 'పరిశీలనలో ఉంది' అన్నారు. ఏళ్ల తరబడి అడిగింది. చివరికి ఆ చెప్పుల దుకాణం మెట్లెక్కి పాఠాలు చెప్పుకోవడం మొదలుపెట్టింది. రాత్రిళ్లు పడుకున్నా ఆమె కోరిక ఒకటే. ఒక్క మనిషి, ఆ విమానంలో ఉన్న ఒక్క మనిషి, 'ఔ, నాకూ వచ్చింది' అంటే చాలు.

భవ్యశ్రీ ఆ తర్వాత కూడా చాలాకాలం ఎగిరింది. పెద్ద పదవికెక్కింది. ఆమెకూ తలనొప్పులు పట్టుకున్నాకే ఉద్యోగం మానేసి, టీవీలో కూర్చుని ఈ గాలి సంగతి మాట్లాడింది. ఆమె మాట్లాడితే జనం విన్నారు. పొడుగు, వెన్నపూస పలుకు, ఇంకేం కావాలి. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి.

శాలువా ఫొటో వచ్చిన వారానికి ఆ కొమ్ములే మెట్లెక్కి ఆబిడ్స్ వచ్చాయి. నర్మద క్లాసులో గొడవ ఎందుకని కిందికి, పక్కసందులో ఇరానీ హోటలుకు తీసుకుపోయింది. చాయ్ వచ్చింది. నర్మద కప్పు ముట్టుకోలేదు. వణుకు ఆమె ముందు చూపించడం ఇష్టం లేదు.

"బాగున్నావా నర్మదా?"

"టీవీల కనపడేంత బాగలేను. చెప్పు, ఏం పని?"

భవ్యశ్రీ తల వంచుకుంది. "ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. నాంపల్లిలోనే కూర్చుంటారు. ఒకరు చెప్పినా చాలు, విమానం దించి విప్పి చూడాల్సిందే అని ఉత్తర్వు వేయించాలని మేమందరం అడుగుతున్నాం. ఒక్కరు చెప్పిన వాసన కూడా నిజమేనని రుజువుగా, ఇద్దరు మనుషులు ఒకే విమానంలో, ఒకే రోజు, ఒకే వాసన చూసిన కేసు ఒక్కటైనా కావాలంటున్నారు. దేశం మొత్తం మీద వెతికాం. మనదొక్కటే ఉంది."

"మనదా?" అంది నర్మద. "మనది ఎక్కడిది? గా కేసు నాది. నీకు కాఫీ వాసన తప్ప ఏం రాలేదు గద."

"వచ్చింది."

నర్మద తలెత్తి చూసింది.

"వచ్చింది నర్మదా. నీకంటే ముందే వచ్చిందేమో కూడా. అందుకే కాఫీ పొట్లం చించాను. నా కాంట్రాక్టు ఆ నెల్లోనే రెన్యువల్. నోటికి ఆ మాట అలా వచ్చేసింది. ఇన్నేళ్లూ నీ ముందుకు రావడానికి ముఖం చెల్లలేదు. కమిటీ ముందు చెబుతాను. అబద్ధమాడానని కూడా చెబుతాను."

వినేవాళ్లకు ఇది దేవుడు దిగొచ్చినట్టుండాలి. ఏళ్ల తరబడి నర్మద అడిగిన మాట అదే కదా. కానీ ఆమె మెదడులో వేరే కొలిమి రగిలింది. 'నీకంటే ముందే' అంటున్నది. ఇంగ్లీషులో ముందు, నడకలో ముందు, పదవిలో ముందు, టీవీలో ముందు. తనకంటూ మిగిలింది ఒక్క వాసన. దాంట్లో కూడా ముందేనట.

"వస్త తియ్యి" అంది నర్మద. చాయ్ చల్లారిపోయింది.

పూలమ్మకు ఈ సంగతి చెబితే ఆ ముసలమ్మ ఎంత సంబరపడిందో. "ఇగ నీ మాట నిలబడ్డట్టే బిడ్డ. గా పిల్ల తప్పు ఒప్పుకుంటున్నదంటే మంచిదే గద. అయిందేదో అయిపోయింది, మర్చిపో" అంది. నర్మద ఊకొట్టింది గానీ, ఆ రాత్రి శాలువా ఫొటో మళ్లీ తీసి చూసింది. ఒంటరి పోరాటం. చూసి చూసి, ఆ అక్షరాలు కళ్లలో కారంలా మండేదాకా చూసింది.

నాంపల్లిలో పాతకాలపు సర్కారు భవనం, ఎత్తు కప్పులు, పొడుగు కడ్డీలకు వేలాడే ఫ్యాన్లు. కమిటీలో ముగ్గురు. మధ్యలో కూర్చున్నాయన మర్యాదస్తుడు, గొంతు పెంచడు. భవ్యశ్రీ లేచి, "ముందు నర్మదే చెప్పాలండీ. ఇది ఆమె కష్టం" అంది. ఆ మర్యాద కూడా నర్మదకు అరగలేదు. ఇదీ ఆమె ఇస్తేనే దొరకాలా అనుకుంది.

కానీ చెప్పడం మాత్రం బాగా చెప్పింది. ఇన్నేళ్లు లోపల తిప్పుకున్న మాట కదా, తడుముకోలేదు. వాసన, ఫోన్, మెట్లు, చెయ్యి. చెయ్యి ఎత్తి చూపించింది కూడా. మధ్యలో కూర్చున్నాయన రాసుకోవడం ఆపి ఆ చేతి వంకే చూశాడు.

"ఇంకెవరికైనా వచ్చిందా ఆ వాసన?"

"అడిగిన సార్. వెనకున్నామెను. కాఫీ వాసన తప్ప ఏం రాలేదన్నది."

అది అబద్ధం కాదు. ఆ రోజు జరిగింది అక్షరాలా అదే. భవ్యశ్రీ లేచింది. ఒక్క మాట దాచుకోకుండా చెప్పింది. వచ్చిందనీ, భయపడ్డాననీ, కాఫీ కలిపి కప్పిపుచ్చాననీ. చెబుతూ ఏడ్చేసింది. ఆయన ఓపిగ్గా విన్నాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, అప్పుడు రాలేదన్నారు, ఇప్పుడు వచ్చిందంటున్నారు. రెండింట్లో ఏది నమ్మాలి మేము? మధ్యలో మీకు పేరు కూడా వచ్చింది. రేపు మమ్మల్ని తప్పుపట్టేవాళ్లుంటారు." ఆయన నర్మద వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. ఈమెతో కలిసి పనిచేశారు. ఆ రోజు ఫోన్‌లో ఆమె గొంతు విన్నారు. ఈమెకూ వాసన వచ్చిందని మీరు నమ్ముతున్నారా?"

నర్మదకు తెలుసు. ఆ ఫోన్‌లో జవాబు రావడానికి ముందు భవ్యశ్రీ కాస్త ఆగింది కదా, ఆ ఆగడంలోనే తెలిసిపోయింది. ఇరానీ హోటలులో ఆమె తల వంచుకున్నప్పుడు ఇంకా బాగా తెలిసింది. 'ఔ సార్' అంటే చాలు. ఆ రెండు మాటల కోసమే ఇంత దూరం. పక్కనే భవ్యశ్రీ నిలబడి ఉంది, ఏడ్చినా చక్కగానే ఉంది, కమిటీవాళ్లు ముగ్గురూ ఆమె వైపే చూస్తున్నారు. చెయ్యి వణికేది తనకు, చూపులన్నీ ఆమెకు.

"నాకు తెల్వదు సార్" అంది నర్మద.

ఆయన తలూపి రాసుకున్నాడు. నర్మదకు తల్లకిందులుగా కూడా చదవడం వచ్చు, కాగితం మీద ఏం పడిందో కనిపించింది. నిర్ధారణ కాలేదు. పరిశీలన కొనసాగించవలెను.

బయట గేటు దగ్గర భవ్యశ్రీ ఆటో ఆపింది. తిట్టలేదు. "ఇన్నేళ్లు ఎవరూ నమ్మలేదని ఏడ్చావు. ఆ వాసన చూసినదాన్ని నేనొక్కదాన్నే వచ్చి చెప్పాను" అని మాత్రం అంది. ఆటో బషీర్‌బాగ్ వైపు పోయింది.

సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ సాయంత్రం నర్మదకు హాయిగా ఉండింది. మొజంజాహి మార్కెట్‌దాకా నడిచి, సీతాఫలం ఐస్‌క్రీమ్ తెప్పించుకుంది. చెంచా వణుకుతూ ఒళ్లో రెండు చుక్కలు పడినా పట్టించుకోలేదు. ఇకమీదట టీవీలో ఆ పొడుగుమనిషి ఎట్లా మాట్లాడుతుందో చూద్దాం అనుకుంది. కడుపు చల్లగా ఇంటికి పోయింది.

పూలమ్మ అంతా వింది. తర్వాత కూతురి కుడిచెయ్యి తన ఒళ్లోకి తీసుకుని పట్టుకుంది. "ఎదుటోళ్లకు అపశకునం కావాల్నని సొంత ముక్కు కోసుకుంటరా బిడ్డా" అంది.

"నీకేం తెల్వదు ఊకోవే" అంది నర్మద.

నెలలు గడిచాయి. కమిటీ ఇంకో ఊరు పోయింది, ఆ పైన ఇంకోటి. భవ్యశ్రీ టీవీలో కనపడటం మానేసింది. క్లాసులో కొత్త బ్యాచ్ వచ్చింది. అక్షితకు ఉద్యోగం దొరికింది. మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చి కాళ్లకు దండం పెట్టి, ఏ రకం విమానమో చెప్పింది. నర్మద పడిపోయిన రకమే. "వాసన వస్తే ఏం చెయ్యాలె మేడం?" అని నవ్వుతూనే అడిగింది. "కెప్టెన్‌కు చెప్పు. ఇంకొకరిని అడుగు" అంది నర్మద. అంతకంటే చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం అక్షిత ఫోన్ చేసింది. ఏదో ఎయిర్‌పోర్టులో విమానంలోంచే, గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"మేడం, వచ్చింది. మీరు చెప్పిన వాసనే. దిగేటప్పుడు వచ్చింది. తల తిరుగుతున్నది. ఇదే విమానం మళ్ల పోవాలె, ఎక్కించుకుంటున్నరు. కెప్టెన్ సార్ ఇంకొకరికి వచ్చిందా అంటున్నరు. వెనకున్న అమ్మాయిని అడిగిన. కాఫీ వాసన తప్ప ఏం వస్తలేదంటున్నది."

నర్మద లేచి నిలబడింది. "ఫోన్ ఆ పిల్లకియ్యి."

గరగరమని చప్పుడు. ఎవరో కొత్త గొంతు, చిన్నపిల్ల గొంతు, "హలో" అంది.

"బిడ్డా, నేను అక్షితకు చదువు చెప్పినదాన్ని. కాఫీ పొట్లం ఎందుకు చించినవ్?"

అవతల కప్పుల చప్పుడు వినపడింది.

"నీకు వచ్చింది గద. జర ఆమెకు తోడు చెప్పు. ఒక్క మాట. మీ ఇద్దరూ చెప్తేనే విమానం ఆపుతరు."

ఆ పిల్ల కాస్త ఆగింది. ఆ ఆగడం నర్మదకు తెలుసు.

"నాకు తెలియదు మేడం" అంది ఆ పిల్ల.

మళ్లీ అక్షిత వచ్చింది. "మేడం, తలుపు మూస్తున్నరు."

"నువ్వు దిగు అక్షితా. దిగిపో."

"దిగితే ఉద్యోగం పోతది మేడం." ఫోన్ ఆగిపోయింది.

నర్మద వణికే చేత్తోనే భవ్యశ్రీ నంబరు వెతికింది. రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారికి మోగింది.

"చెప్పు నర్మదా."

"నీకు వచ్చింది" అంది నర్మద. "ఆ రోజు నీకు కూడా వచ్చింది. నాకు తెలుసు. నాకు ఫోన్లనే తెలిసింది."



"ఈ మాట చెప్పాల్సింది నాకు కాదు కదా" అంది భవ్యశ్రీ.

అప్పటికి అక్షిత విమానం లేచి ఉంటుంది.